ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు నేర్పాలంటే: ముందు విద్యార్థి, తర్వాతే ప్లాట్‌ఫాం

ఇంగ్లీషు చక్కగా నేర్పగలవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ఎం.ఏ. చేసి ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నవాళ్లు, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన టీచర్లు, రిటైరైన లెక్చరర్లు. వీళ్లకు ఇప్పుడు అద్దె గదితో, బెంచీలతో పని లేదు. ఒక ల్యాప్‌టాప్, నిలకడైన నెట్ ఉంటే ఇంట్లోంచే పాఠం చెప్పొచ్చు. అయితే మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఏ ప్లాట్‌ఫాంలో చేరాలి? ప్రెప్లీయా, ఐటాకీయా, క్యాంబ్లీయా? లేక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని సొంతంగా మొదలుపెట్టాలా?

ఒక పేరు చెప్పి ముగించవచ్చు. కానీ ఒకరికి కుదిరింది మరొకరికి కుదరదు. అందుకే ముందు ప్లాట్‌ఫాం చేసే పని ఏమిటో, దానికి ఎంత తీసుకుంటుందో చూద్దాం.

నాలుగు పనులు

మీ వీధిలో ట్యూషన్ చెప్పే టీచరును గుర్తు చేసుకోండి. ఆమె దగ్గరికి పిల్లలు ఎలా వస్తారు? పక్కింటివాళ్లు చెబితే వస్తారు. ఎక్కడ కూర్చుంటారు? వరండాలో చాప మీద. ఫీజు ఎలా అందుతుంది? నెల మొదట్లో అమ్మానాన్నలు పంపిస్తారు. ఆమె మీద నమ్మకం ఎలా కుదిరింది? పోయినేడు ఎదురింటి అబ్బాయికి మంచి మార్కులు వచ్చాయి కాబట్టి.

అంటే ట్యూషన్‌లో పాఠం కాక నాలుగు పనులున్నాయి. విద్యార్థిని తేవడం, గది ఇవ్వడం, డబ్బు వసూలు చేయడం, నమ్మకం కలిగించడం. ఆన్‌లైన్‌లోనూ ఇవే నాలుగు.

వీటిలో రెండు ఇప్పుడు దాదాపు ఉచితం. గది సంగతి చూడండి. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉన్న తరగతిని ఉచిత ఖాతాతో 60 నిమిషాలు నడపొచ్చు. ఒక్క విద్యార్థే అయితే ఆ పరిమితి లేదు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కాల్ తెగిపోతుంది. ఇక డబ్బు. మన దేశంలోని విద్యార్థి యూపీఐతో పంపితే పైసా ఖర్చు లేకుండా బ్యాంకులో పడుతుంది.

మిగిలినవి రెండు: విద్యార్థి, నమ్మకం. ప్లాట్‌ఫాం తీసుకునే కమీషన్ (మధ్యవర్తి వాటా) ప్రధానంగా ఈ రెండింటికే. ఇవి మీ దగ్గర ఇప్పటికే ఉంటే కమీషన్ కట్టడం అనవసరం. లేకపోతే కట్టడంలో తప్పు లేదు. కాకపోతే లెక్క తెలిసి కట్టాలి.

మూడు దారులు

మొదటిది సంత లాంటిది. ప్రెప్లీ, ఐటాకీ ఈ రకం. టీచర్ తన పరిచయ వీడియో పెట్టి, గంటకు ఇంత అని ధర తానే చెబుతారు. విద్యార్థి వెతికి, పోల్చి ఎంచుకుంటాడు. ఐటాకీ చాలాకాలంగా 15 శాతం కమీషన్ నియమం మీద నడిచింది. ప్రెప్లీలో కమీషన్ 33 శాతంతో మొదలవుతుంది. మీరు బోధించిన గంటలు పెరిగేకొద్దీ మెట్లు మెట్లుగా 18 శాతానికి దిగుతుంది. పైగా ప్రతి కొత్త విద్యార్థి మొదటి డెమో క్లాసు ఫీజు మొత్తం ప్రెప్లీకే పోతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డెమో ఉచితం. ప్రెప్లీలో విద్యార్థి డబ్బు కడతాడు, టీచరుకు మాత్రం రాదు. ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి చేరేముందు నిబంధనలు మరోసారి చదవాలి.

రెండోది కూలి లెక్క. క్యాంబ్లీ ఈ రకం. ధర కంపెనీయే నిర్ణయిస్తుంది. పెద్దల క్లాసుకు నిమిషానికి 17 సెంట్లు, అంటే గంట నిండితే 10 డాలర్ల 20 సెంట్లు. పాఠం సిద్ధం చేసుకునే భారం తక్కువ. కానీ ఆ కంపెనీ ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా వంటి దేశాల్లో ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారి కోసం చూస్తుంది. మనవాళ్లకు ఈ తలుపు ఇరుకు.

మూడోది సొంత బ్యాచ్. మీట్, వాట్సాప్, యూపీఐ. కమీషన్ లేదు, ధర మీదే, విద్యార్థి ఫోన్ నంబరు మీ దగ్గరే ఉంటుంది. కానీ మొదటి ఐదుగురిని మీరే తెచ్చుకోవాలి.

యూట్యూబ్‌ను నాలుగో దారి అనుకుంటారు కానీ, దాన్ని దారి చూపే బోర్డుగానే చూడాలి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్ వీడియోలకు వేరే లెక్క ఉంది. అంతవరకు ఆదాయం మాట అటుంచి, మీరు పాఠం ఎలా చెబుతారో నలుగురికీ చూపడానికి అది పనికొస్తుంది.

కమీషన్ అసలు లెక్క

పైకి కనిపించే శాతం వేరు, చేతికొచ్చే డబ్బు వేరు. ఒక ఉదాహరణ చూద్దాం. ప్రెప్లీలో మీ ధర గంటకు 10 డాలర్లు. ఒక విద్యార్థి డెమో తీసుకున్నాడు, తర్వాత నాలుగు క్లాసులు విని మానేశాడు. మీరు ఐదు గంటలు పనిచేశారు. అతను కట్టింది 50 డాలర్లు. డెమో 10 డాలర్లు పోయాయి. మిగిలిన 40లో 33 శాతం, అంటే 13 డాలర్ల 20 సెంట్లు పోయాయి. మీకు దక్కింది 26 డాలర్ల 80 సెంట్లు. గంటకు 5 డాలర్ల 36 సెంట్లు. పేరుకు 33 శాతమే అయినా, నిజానికి కట్టింది 46 శాతం పైనే.

అదే విద్యార్థి డెమో తర్వాత 40 క్లాసులు ఉన్నాడనుకోండి. కమీషన్ అసలు తగ్గలేదనుకున్నా 41 గంటలకు 268 డాలర్లు వస్తాయి. గంటకు ఆరున్నర డాలర్ల పైచిలుకు. మధ్యలో కమీషన్ తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఇలాంటి సంతలో ఎంతమంది వచ్చారన్నదానికంటే ఎంతకాలం నిలిచారన్నదే మీ రాబడిని నిర్ణయిస్తుంది. వచ్చి పోయేవాళ్లతో లాభపడేది ప్లాట్‌ఫాం. నిలిచేవాళ్లతో లాభపడేది మీరు. అందుకే ఎలాంటి విద్యార్థి మీ దగ్గర నిలుస్తాడు అన్నదే అసలు ప్రశ్న.

మీ విద్యార్థి ఎవరు?

విదేశీ విద్యార్థి ప్లాట్‌ఫాంలో టీచరును వెతికేటప్పుడు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లను మాత్రమే చూపించే ఫిల్టర్ (వడపోత) పెట్టుకోవచ్చు. ఆ ఒక్క నొక్కుతో మీ పేరు జాబితాలోంచి తప్పిపోవచ్చు. మీ సామర్థ్యానికీ దానికీ సంబంధం లేదు.

తెలుగు విద్యార్థి దగ్గర ఇది తలకిందులవుతుంది. ఒక పాఠం దగ్గరగా చూద్దాం. విద్యార్థి "వేర్ యు ఆర్ గోయింగ్?" అంటాడు. లండన్ టీచర్ అది తప్పని చెప్పి సరిదిద్దుతారు. తెలుగు టీచరుకు ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు. "నువ్వు ఊరికి వెళ్తున్నావు", "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" ఈ రెండు వాక్యాల్లో మాటల వరుస మారలేదు. తెలుగులో ప్రశ్న వేయడానికి క్రియను ముందుకు జరపక్కర్లేదు. ఇంగ్లీషులో జరపాలి. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపిస్తే విద్యార్థి ముఖం విప్పారుతుంది. అలాగే బస్, బుక్ అనాల్సిన చోట బస్సు, బుక్కు అని ఎందుకు వస్తుంది? తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది కాబట్టి. చివరి ఉకారాన్ని ఎలా తుంచాలో మనం చెప్పినంత సులువుగా బయటివారు చెప్పలేరు.

ఈ బలం ఉన్నవాళ్లు దాన్ని అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. తెలుగు మీడియంలో చదివి ఇంటర్వ్యూకు వెళ్లే యువకులు ఉన్నారు. పెళ్లయి అమెరికా వెళ్లి, అక్కడి దుకాణంలో మాట్లాడటానికి జంకే అమ్మాయిలు ఉన్నారు. కువైట్‌లో పనిచేసే కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఉన్నారు. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్షలో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలే. ఇద్దరు ఎదురెదురుగా వీడియోలో సాధన చేయడానికి అది చక్కగా సరిపోతుంది.

గడియారం మాటేమిటి?

పనిచేసే పెద్దలు ఎక్కువగా సాయంత్రమే చదువుకుంటారు. జపాన్‌లో రాత్రి 8 గంటలంటే మనకు సాయంత్రం నాలుగున్నర. హాయిగా కుదురుతుంది. కువైట్‌లో రాత్రి 9 అంటే మనకు పదకొండున్నర. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ పగలు ఎంచుకోవచ్చు. బ్రెజిల్‌లో రాత్రి 8 అంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. నెల రోజులు లేవగలం, ఏడాది లేవగలమా? చేరకముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఒకే గుంజకు కట్టేస్తే

2013లో బీజింగ్‌లో మొదలైన వీఐపీకిడ్ చైనా పిల్లలకు అమెరికా, కెనడా టీచర్లతో వీడియోలో ఇంగ్లీషు చెప్పించింది. ఎందరో టీచర్లకు అది ప్రధాన ఆదాయమైంది. 2021 జులైలో చైనా ప్రభుత్వం పిల్లల చదువు భారం తగ్గించే పేరుతో కొత్త నియమాలు తెచ్చింది. విదేశాల్లో ఉండే టీచర్లతో చైనా పిల్లలకు పాఠాలు చెప్పించకూడదన్నది వాటిలో ఒకటి. నెల తిరిగేసరికి ఆ కంపెనీ విదేశీ టీచర్ల కొత్త క్లాసుల అమ్మకం ఆపింది. టీచర్ల తప్పేమీ లేదు. కానీ విద్యార్థుల జాబితా కంపెనీ దగ్గర ఉంది, తల్లిదండ్రుల నంబర్లు కంపెనీ దగ్గర ఉన్నాయి.

సంతల్లోనూ ఇదే మెలిక. అక్కడ పరిచయమైన విద్యార్థిని బయటికి తీసుకెళ్లి ఫీజు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఉల్లంఘిస్తే ఖాతా పోవచ్చు. అక్కడ సంపాదించిన రివ్యూలు (విద్యార్థులు రాసిన అభిప్రాయాలు) మరో చోటికి మీ వెంట రావు. కాబట్టి ప్లాట్‌ఫాం నియమం గౌరవిస్తూనే, దానికి బయట సొంతంగా ఒక చిన్న బ్యాచ్ కూడా పెంచుకోవాలి.

మూడు జాగ్రత్తలు

ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. విదేశాల నుంచి వచ్చే డబ్బుకే అది పనికొస్తుంది. డాలరు రూపాయిగా మారేటప్పుడు కొంత కోత ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపాలి. విదేశం నుంచి వచ్చినా, ఇక్కడ నివసించేవారికి అది పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. ఏ నెల ఎంత వచ్చిందో మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి. ఇక పిల్లలకు చెప్పేవాళ్లకు మరో మాట. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కోరుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, అమ్మానాన్నలను అడగకుండా పిల్లల క్లాసు రికార్డు చేయడం మంచిది కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలిసినవాళ్లలో ముగ్గురిని తీసుకోండి. చిన్న ఫీజు పెట్టి మీట్‌లో నెల రోజులు చెప్పండి. ఉచితం వద్దు, ఎందుకంటే ఉచిత క్లాసు మానేయడానికి ఎవరూ వెనకాడరు. ప్రతి క్లాసు అయ్యాక ఒక నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి: ఎవరు ఏ తప్పు చేశారు, ఏ మాట చెబితే సరైంది, ఎవరు రాలేదు.

నెల తర్వాత ఆ నోటుబుక్కే దారి చెబుతుంది. ముగ్గురూ నిలిచి, మరో ఇద్దరిని వెంటబెట్టుకొస్తే మీకు సంత అక్కర్లేదు, సొంత బ్యాచ్ పెంచుకోండి. పాఠం బాగున్నా కొత్తవాళ్లు దొరక్కపోతే మీకు కావలసింది విద్యార్థిని తెచ్చే చోటు. అప్పుడు సంతకు వెళ్లండి, కమీషన్ కట్టండి. ముగ్గురిలో ఇద్దరు మధ్యలో మానేస్తే ఏ ప్లాట్‌ఫాంలోనూ ఇంకా చేరకండి. ఆ ఇద్దరికి ఫోన్ చేసి, ఎందుకు మానేశారో అడగండి. వాళ్లు చెప్పింది ఆ నోటుబుక్కులోనే రాసుకుని, పాఠం సరిచేసుకుని, ఇంకో ముగ్గురితో మళ్లీ మొదలుపెట్టండి.