నిద్ర లోతులలో మెదడు చేయు పని

రాత్రి పది గంటలు దాటిన పిమ్మటను విజయవాడ గవర్నర్‌పేటలో దీపములు ఆరవు. ఏలూరు రోడ్డు దుకాణములలో పగలు అమ్ముడైన గైడ్లును ప్రశ్నావళులును ఆ వేళకు నగరమందలి హాస్టలు గదులలో తెరవబడియే యుండును. డిపోలనుండి బయలుదేరు రాత్రి బస్సుల డ్రైవర్లును, రేయింబవళ్లు బండ్లు నడచు జంక్షనులోని రైల్వే ఉద్యోగులును తమ నిద్రను మరునాటికి వాయిదా వేసికొందురు. ఇంటర్మీడియెటు చదువునకును ప్రవేశపరీక్షల శిక్షణకును విజయవాడ పెట్టినది పేరు గనుక, దూరపు జిల్లాలనుండి సైతము తల్లిదండ్రులు పిల్లలను ఇచటికి పంపుచుందురు. ఇట్టి నగరమున నిద్ర యనగా కాలహరణమనియు, దానిని ఎంత తగ్గించుకొనిన అంత లాభమనియు ఒక నమ్మిక బలపడినది. కన్నులు మూసినంతనే మెదడు పని మానుననియు, వ్యర్థమైన ఆ గంటలను పుస్తకమునకు మరల్చుట వివేకమనియు తలంచుటయే ఆ నమ్మికకు పునాది. ఆ పునాది సత్యము కాదు. నిద్రలో మెదడు ఊరకుండదు; పనితీరును మార్చుకొనును; ఆ మార్పునకు ఒక క్రమము కలదు.

జర్మనీలోని యేనా నగరమున మానసిక వైద్యుడైన హాన్స్ బెర్గర్ 1924లో మానవుని మెదడునందలి విద్యుత్తరంగములను తలపైనుండియే మొట్టమొదట నమోదు చేసి, 1929లో లోకమునకు వెల్లడించెను. నెత్తిపై అంటించిన చిన్న లోహపు బిళ్లలకు అందు ఆ విద్యుత్తు కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. దానిని అనేక రెట్లు పెంచి గీతలుగా వ్రాయించు పరీక్షకే నేడు ఈఈజీ యని వ్యవహారము. గవర్నర్‌పేటను ఆనుకొనియున్న సూర్యారావుపేట ఆసుపత్రులలో మూర్ఛవ్యాధి గలవారికి చేయించు పరీక్ష యిదియే. 1937లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లూమిస్ తన సహచరులతో గూడి నిద్రితుల తరంగములను రాత్రి పొడవునను వ్రాయించి, నిద్ర ఆద్యంతము ఏకరూపమైనది కాదనియు, అందు మెట్లు మెట్లుగా దిగు లోతులు కలవనియు నిరూపించెను.

మేలుకొని లెక్క చేయుచున్న విద్యార్థి మెదడు తరంగములు సెకనుకు 13కు మించిన వేగముతో, చిన్నవిగను క్రమరహితముగను ఉండును. అతడు కన్నులు మూసికొని విశ్రమించినచో 8 మొదలు 13 వరకు గల ఆల్ఫా తరంగములు తలవెనుక భాగమున స్ఫుటముగ కనిపించును. కునుకు పట్టగానే ఆల్ఫా చెదరిపోయి, వేగము సెకనుకు 4 మొదలు 7 వరకు గల స్థాయికి తగ్గును; కనుగ్రుడ్లు రెప్పల మాటున మెల్లగ అటునిటు కదలును. కొద్ది నిమిషములు మాత్రమే నిలుచు ఈ మొదటి దశలో లేపబడినవాడు తాను నిద్రపోనేలేదని వాదించుట కలదు. రెండవ దశలో అరసెకను మొదలు రెండు మూడు సెకనుల వరకు నిలుచు వడిగల తరంగగుచ్ఛములు పుట్టును. నూలు కదురువలె నడుమ లావై కొనలు సన్నగిలుటచే శాస్త్రజ్ఞులు వానికి కదురు పేరే పెట్టిరి. వానితోడనే కె-కాంప్లెక్సు అను ఒంటరి పెద్ద తరంగము అప్పుడప్పుడు లేచి పడును. పెద్దల రాత్రి నిద్రలో దాదాపు సగము ఈ దశకే చెందును. ఇంద్రియములు తెచ్చు వార్తలను మెదడు పైపొరకు చేర్చు థాలమస్ అను భాగము ఇపుడు ఆ వార్తలలో పెక్కింటిని అడ్డగించును. అయినను ఆ కావలి గ్రుడ్డిది కాదు: 1960లో బ్రిటన్‌లో ఇయాన్ ఓస్వాల్డును అతని సహచరులును నిద్రితులకు అనేక నామములను వినిపింపగా, పరుల పేర్లకంటె తమ పేరు వినబడినపుడే కె-కాంప్లెక్సులు హెచ్చుగా లేచినవి.

మూడవ దశయే గాఢనిద్ర. ఇందు తరంగవేగము సెకనుకు రెండుకు మించదు. ఎత్తు మాత్రము 75 మైక్రోవోల్టులను దాటును. వేగము తగ్గుచుండ తరంగము పెద్దదగుట విచిత్రముగ తోచవచ్చును. సాయంకాలమున బీసెంట్ రోడ్డులో వేలమంది ఎవరి బేరము వారు పలుకుచుండ దూరమునకు వినబడునది అస్పష్టమైన రొద మాత్రమే. ఇంద్రకీలాద్రి మెట్లపై భవానీ దీక్షాధారులు ఒక్క గొంతుతో అమ్మవారిని పిలిచినపుడు ఆ ఘోష నలుదిక్కులను మ్రోగును. అట్లే జాగ్రదవస్థలో నాడీకణములు వేర్వేరు పనులలో నుండుటచే వాని విద్యుత్తు ఒకదానినొకటి రద్దుచేసికొనును. గాఢనిద్రలో అసంఖ్యాక కణములు ఒక్కమారుగ చైతన్యము పొంది, ఒక్కమారుగ మౌనము వహించును. సెకనుకు ఒకమారైనను నిండని ఈ నెమ్మదియైన లయను 1993లో మీర్చా స్టెరియాడే విశదముగ వర్ణించెను. మెదడు గ్లూకోజు వినియోగము ఇపుడు బాగుగ తగ్గును. నిద్రితుని లేపుట కష్టము, లేచినను కొంతసేపు తెలివి కుదురుకొనదు. ఎదుగుదల హార్మోను రక్తములోనికి అత్యధికముగ విడుదలయగునది ఈ తొలి గాఢనిద్ర వేళయందే.

అంతట మెదడు మరల పైకి వచ్చును. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున యూజీన్ అసెరిన్‌స్కీ, నాథనియేల్ క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వడిగా చలించు కాలములను ప్రకటించిరి; స్పష్టమైన కలలు హెచ్చుగా వచ్చునది ఆ వేళలందే. అప్పుడు మెదడు తరంగములు మేలుకొన్నవానివలెనే ఉండును, దేహమందలి కండరములు మాత్రము సడలిపోవును. జాగ్రత్స్వప్నసుషుప్తులను మాండూక్యోపనిషత్తు వేరువేరుగ విచారించిన దేశము మనది. ఆ అవస్థాభేదము దేహమునందును కొలువదగినదని ప్రయోగశాల నేడు చూపుచున్నది. ఈ చక్రము సుమారు 90 నిమిషములకు ఒకమారు తిరుగును. గాఢనిద్ర రాత్రి తొలిభాగమున అధికము. కలల నిద్ర తెల్లవారుజామున అధికము.

ఇక విద్యార్థికి ముఖ్యమైన విషయము. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ అనువారు ఎలుకల మెదడులో హిప్పోక్యాంపస్ అను జ్ఞాపకకేంద్రమును పరిశీలింపగా, మేలుకొని తిరిగినపుడు కలిసి పనిచేసిన కణములే తరువాతి నిద్రలోను కలిసి మ్రోగుట కనబడినది. గాఢనిద్ర తరంగములును, రెండవ దశలోని కదురులును కలిసి పగటి పాఠమును దీర్ఘకాలిక స్మృతిగ స్థిరపరచుటలో తోడ్పడునని తదుపరి పరిశోధనలు బలపరచినవి. చదువుటతో చదువు ముగియదు, నిద్రలోను సాగును. అర్ధరాత్రి పండుకొని నాలుగింటికి లేపబడు బాలుడు తెల్లవారుజాము నిద్రను ప్రతిదినము పోగొట్టుకొనుచున్నాడు.

లక్ష్మణుడు అడవిలో మేలుకొనియున్న పదునాలుగేండ్లును ఊర్మిళ నిద్రించెనని మన స్త్రీలు పాటగ పాడుకొనిరి. లోకములో ఆ వెసులుబాటు ఎవరికిని లేదు. ఎవరి నిద్రాఋణము వారే తీర్చుకొనవలెను, తీర్చు రాత్రి మెదడు మున్ముందుగ గాఢనిద్రనే పెంచుకొనును. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సు గలవారికి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని నిద్రావైద్యుల సిఫారసు. తల్లిదండ్రులారా, హాస్టళ్లు నడుపు పెద్దలారా, పిల్లల దినచర్యలో చదువు గంటలను లెక్కించునపుడు నిద్ర గంటలను కూడ చదువులోనే లెక్కింపుడు. వారి రాత్రిని వారికి విడిచిపెట్టుడు.