కొండతేనె కొనండి, పసిబిడ్డకు మాత్రం వద్దు

"గడ్డకట్టిన తేనె కల్తీదేనా డాక్టరుగారూ?" అని చోడవరంలో చాలామంది అడుగుతూంటారు. కాదు. చల్లదనానికి అసలు తేనె కూడా పలుకులు కడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. నీళ్లలో చుక్క వేసి చూడడం, వత్తి ముంచి వెలిగించడం నమ్మదగిన పరీక్షలు కావు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో బయటపెట్టిన చక్కెరపాకం కల్తీ మామూలు లేబొరేటరీ పరీక్షలకే దొరకలేదు!

చౌక కల్తీ తేనె వల్ల దెబ్బతినేది తేనెటీగలు పెంచేవారు, అడవిలో తేనె సేకరించేవారు. మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కితే అటువంటి గిరిజనుల ఊళ్లున్నాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారివద్ద తేనె కొని, శుద్ధిచేసి అమ్ముతోంది. గడ్డకట్టిందని వారిని నిందించకండి. న్యాయమైన ధర ఇచ్చి కొనండి.

ఇక ముఖ్యమైన సంగతి. పుట్టిన బిడ్డకు తేనె నాకించడం, వసకొమ్ము తేనెలో అరగదీసి పెట్టడం చాలా ఇళ్లలో ఆచారం. ఏడాది నిండేవరకు ఇది కూడదు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. ఇంట్లో కాచినా అవి చావవు. పసివారి పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయి. మలబద్ధకం, ఏడుపు నీరసించడం, పాలు చప్పరించలేకపోవడం, మెడ వాలిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తేనె పెట్టిన సంగతి దాచకండి.

ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వస్తే, పడుకునేముందు అరచెంచా తేనె ఉపశమనమిస్తుంది. మధుమేహ రోగులు మాత్రం తేనె పంచదార కాదు గదా అనుకోరాదు. అందులో నూటికి సుమారు 80 పాళ్లు చక్కెరలే.