పండగ చిట్టాలో కొల్లూరు వాటా

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వదిలారు. వినాయక చవితికి ఇంకా అయిదు రోజులే. బ్యారేజీకి దిగువనున్న కొల్లూరు లంకల్లో పండగ కోసం అట్టేపెట్టిన అరటి గెలలు నిలువునా మునిగాయి. తమలపాకు తోటలో నీళ్లు నిలిస్తే చాలు, తీగ కుళ్లిపోతుంది. పసుపూ కందా అంతే. ఆ నెలాఖరుకే ఫోన్లలో దసరా సేళ్లు మొదలయ్యాయి. ఒకే నెలలో ఒక పండగ మునిగింది, ఇంకో పండగ పొంగింది.

కొల్లూరు పేరు చెబితే చాలామంది 'వజ్రాల కొల్లూరా?' అంటారు. కాదు. అది పల్నాడు వైపుది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 17వ శతాబ్దంలో అక్కడి గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కొనుక్కుపోయిన నీలి వజ్రం ఆ గనిదేనంటారు. దాన్ని 14వ లూయీకి అమ్మాడు. చేతులు మారి, రూపు మారి, హోప్ డైమండ్ పేరుతో 1958 నుంచి వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. కొన్నవాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి, తవ్విన కూలీ పేరు ఒక్కటీ లేదు.

మన కొల్లూరులో వజ్రాల్లేవు. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు ఉంది. పండగ చిట్టా రాయండి: గుమ్మానికి అరటి పిలకలు, అరిటాకులు, తాంబూలానికి ఆకులు, గడపకు పసుపు. సగం చిట్టా కరకట్ట అవతలే దొరుకుతుంది. అయితే చిట్టాలో డబ్బు ఎక్కువ పడేది ఈ సగానికి కాదు, బట్టలకి.

తక్కువ ధరకు దొరికే మెరుపు చీర చాలావరకు సూరత్ పాలియెస్టర్. అంటే పెట్రోలియం నుంచి తీసిన దారం. ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. ప్రపంచమంతా ఇలా చవగ్గా కొని, విసుగొచ్చి పారేసిన బట్టల్లో కొన్ని చిలీ దేశంలోని అటకామా ఎడారికి చేరుతున్నాయి. అక్కడి ఇకికే రేవులో ఏటా సుమారు 59,000 టన్నులు దిగుతాయనీ, అమ్ముడుపోని 39,000 టన్నులు ఇసుకలో గుట్టలు పడతాయనీ 2021లో వార్తా సంస్థలు లెక్క చెప్పాయి. చవక ధర ఇంకోచోట ప్రాణాలతో తీరింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. వాళ్లు కుడుతున్నవి పాశ్చాత్య దేశాల దుకాణాలకు వెళ్లే బట్టలు.

కొల్లూరు నుంచి మంగళగిరి ఎంతో దూరం కాదు. అక్కడి చీరలో ఒళ్లంతా ఆర్భాటం ఉండదు, అంచే అందం. మగ్గం నేత అయినందుకు ధర ఎక్కువ, నిజమే. ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో మూడు నేత చీరలు కొనలేక మూడు సూరత్ చీరలు కొంటే ఆ తల్లిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నాకు చిరాకు పుట్టించేది వేరు. చీరల షోరూములో బిల్లు మీద రూపాయి తగ్గించమనని మనమే, తెనాలి బజారులో అరటి పిలకల జత దగ్గర పది రూపాయల కోసం పావుగంట నిలబడతాం. లంక రైతుకు పడవ ఖర్చు, కోత కూలి పోగా మిగిలేది ఆ పదే కావచ్చు.

ఈసారి మా ఇంట్లో చిట్టాకు ఇంకో గడి గీశాం: 'ఎక్కడిది?' అరటి, ఆకులు, పసుపు వెంటనే నిండిపోయాయి. జంతికల నూనె దగ్గర ఆగాం. దేశంలో వాడే వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే. పామాయిలు ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అడవులు నరికి వేసిన తోటలు అక్కడ బోలెడు. కిరాణా కొట్టాయన ప్యాకెట్టు తిప్పి చదివి, "కృష్ణపట్నం అని ఉందండీ, మనదే" అన్నాడు. శుద్ధి చేసింది అక్కడే మరి. గడిలో ఏం రాయాలో ఇంకా తేలలేదు.