పల్లి మూట అడుగున ఏం జరిగింది?

మా దిక్కు, అంటే వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు, పల్లి ఎక్కువగా యాసంగి పంట. సెప్టెంబర్ చివర నుంచి వేస్తారు, ఫిబ్రవరి, మార్చిల్లో పీకుతారు. ఇంటి విత్తనమే వాడుకునే రైతు ఆ కాయను మళ్లీ విత్తేదాకా ఆరేడు నెలలు దాచాలి. అందులో వానాకాలం మొత్తం ఉంటుంది. ఎకరానికి 60 కిలోలకు పైగా గింజ పడుతుంది, అంటే కాయ దాదాపు 90 కిలోలు. అది పాడైతే కొనాలి. పల్లి సాగులో విత్తనం ఖర్చే పెద్దది.

నేను ఇంటర్ రాసి ఖాళీగా ఉన్న ఏడాది మా ఇంట్లో అది పాడైంది. పాడు చేసింది నేనే.

ఆ మార్చిలో కాయ ఆరబోసినంక అకాల వాన పడింది. టార్పాలిన్ కప్పాం. మర్నాడు ఎండ బాగా కొట్టింది, పైన కాయ కరకరలాడుతుంటే ఎండిందనుకున్నాను. సాయంత్రం ఇంకా వేడిగా ఉండగానే యూరియా సంచుల్లోకి ఎత్తి, ఇంట్లో బండల మీద గోడకు ఆనించి పేర్చాను. లోపల ప్లాస్టిక్ పొర ఉండే సంచులు అవి. గోనె కంటే గట్టివి, ఎలుక తొందరగా కొరకదు అని నా లెక్క. అవ్వ మాత్రం ఒకటే అన్నది: "కాయ చెవికాడ వెట్టి ఊపు బిడ్డా. గలగలమంటుందా?" నేను ఊపలేదు.

ఆగస్టులో నాయిన అడుగు వరుస మూట విప్పితే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఒలిస్తే గింజల మీద పచ్చటి పొడి. పై మూటలు బాగానే ఉన్నాయి. అడుగువే ఎందుకు పోయాయన్నది నాకు అప్పుడు అర్థం కాలేదు. రెండేళ్ల తర్వాత థర్మో క్లాసులో సైక్రోమెట్రిక్ చార్ట్ ముందేసుకుని కూర్చున్నప్పుడు అర్థమైంది.

బూజుకు కావాల్సింది గింజలో ఎన్ని శాతం నీళ్లున్నాయన్నది కాదు, గింజల మధ్య గాలిలో తేమ ఎంతన్నది. మూసిన సంచిలో గింజ కొంత నీటిని గాలికి వదులుతుంది, గాలి కొంత గింజకు ఇస్తుంది, ఒకచోట లెక్క సమం అవుతుంది. ఆ గాలి తేమ 65, 70 శాతం లోపు ఉంటే ఏ బూజూ పెద్దగా కదలదు. 80 దాటితే పల్లికి అసలు శత్రువు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ లేస్తుంది. మన 30 డిగ్రీల వేడి దానికి చాలా ఇష్టం.

ఇక్కడే పల్లి మనల్ని మోసం చేస్తుంది. వడ్లు 13, 14 శాతం తేమతో దాచొచ్చు. పల్లి గింజకు ఆ అంకె పనికిరాదు, 7 శాతం దగ్గరకు రావాలి (కాయగా అయితే 9 లోపు). కారణం నూనె. గింజలో దాదాపు 48 శాతం నూనే, అది నీటిని పట్టుకోదు. 100 గ్రాముల గింజలో 7 గ్రాముల నీళ్లుంటే, అవి ఉండేది నూనె కాని 52 గ్రాముల్లోనే. 7ను 52తో భాగించండి, 13 దాటుతుంది. అంటే పల్లికి 7, వడ్లకు 13 నిజానికి ఒకే తడి. వడ్ల లెక్కన చూసి "ఎండింది" అనుకుంటే పల్లి ఇంకా పచ్చిదే.

నా మూటల్లో గాలి తేమ 75 శాతం దగ్గర ఉండి ఉంటుంది. ఎండాకాలమంతా నెట్టుకొచ్చింది. వానలు పడి బండలు చల్లబడ్డాయి. 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలి 27 డిగ్రీల బండ దగ్గరకు వస్తే, నీళ్లు ఒక్క చుక్క పెరగకుండానే తేమ దాదాపు 90 శాతం అవుతుంది. 25కు వస్తే చెమటే. చల్లనీళ్ల చెంబు చుట్టూ పట్టేది అదే. ప్లాస్టిక్ పొర ఆ చెమ్మను బయటకు పోనివ్వలేదు. వేడి కాయను చల్లార్చకుండా నింపడం ఇంకో తప్పు.

బండకు, మూటకు మధ్య నాలుగు చెక్కలు వేసి, గోడకు జానెడు దూరం జరిపినా చాలావరకు ఆగేది. విత్తనం కాయను గోనెలో, గాలి ఆడేలా పెట్టాలి. గాలి చొరని మూడు పొరల సంచులు మంచివే, పురుగుకు ఊపిరాడదు, కానీ పూర్తిగా ఎండిన కాయకే. ఒలవడం విత్తే ముందే చేయాలి. పెంకు ఉన్నన్నాళ్లూ గింజకు దెబ్బ తగలదు. ఎండబెట్టేటప్పుడు కూడా విత్తనం కాయను మండే ఎండలో మాడ్చకూడదు, మొలక శాతం పడిపోతుంది. చెట్లు పీకి, కాయ పైకి వచ్చేలా తిరగేసి పేర్చి, మెల్లగా నీడపట్టున ఆరనివ్వడం మేలు.

ఈ సూత్రాన్ని అన్నింటికీ వాడకండి. చలిదేశాల వాళ్లు డేలియా దుంపలను చలికాలం దాచుకుంటారు. అందులో ఎక్కువ భాగం నీళ్లే, పల్లిలా ఎండబెడితే దుంప చస్తుంది. మన ఉల్లిగడ్డ కూడా అంతే. అక్కడ పైపొర మాత్రం ఆరాలి, లోపలి నీళ్లు ఉండాలి.

పాడైన కాయను నాయిన గానుగ పట్టిద్దామన్నాడు, చెక్క బర్రెలకు పెట్టొచ్చని. మామూలుగా అయితే తెలివైన మాటే. కానీ ఈ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు. నూనె తీస్తే ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది, అది తిన్న బర్రె పాలలోకీ వస్తుంది. ఆ విషం బయటపడిందే పల్లి చెక్క వల్ల: 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ పల్లి చెక్క తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చాయి. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడితే 106 మంది పోయారు. అది తేల్చింది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. అవ్వ ఒప్పుకోలేదు, అంతే. "గొడ్డు నోరులేనిది" అన్నది. గుంత తీసి పూడ్చాం. ఆ ఏడు విత్తనం అప్పు చేసి కొన్నాడు నాయిన.

ఇప్పుడు మా ఇంట్లో ఒక గాజు సీసా ఉంది. మూట నింపే ముందు నాలుగు చోట్ల నుంచి కాయ తీసి ఒలిచి, పెనం మీద వేడిచేసి చల్లార్చిన మెత్తటి ఉప్పుతో కలిపి అందులో వేస్తాను. బిగించి ఊపి, పావుగంట ఆగుతాను. గాలి తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పట్టి సీసా గోడకు అంటుకుంటుంది. అంటుకుంటే కాయ మళ్లీ ఆరబోయాల్సిందే. అంటుకోకపోయినా నేను ఇంకో రెండు రోజులు ఆరబెడతాను, ఎందుకంటే మనకు కావాల్సింది 75 కాదు, 70 లోపు. మొన్న మార్చిలో సీసా ఊపుతుంటే అవ్వ పక్కన కూర్చుని ఒక్కో కాయా చెవి దగ్గర పెట్టుకుని చూసింది. ఆమె గలగల వినలేదని పక్కన పెట్టిన కుప్పలోంచి గింజలు తీసి సీసాలో వేస్తే, ఉప్పు అంటుకుంది.