మీకు తెలుసా? ‘సోమా’లో ఏం ఎంచుకున్నా దారి మారదు

అప్పట్లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌లో ఉన్న ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న స్టూడియో 2015 సెప్టెంబర్ 22న ‘సోమా’ అనే సైన్స్ ఫిక్షన్ హారర్ వీడియో గేమ్‌ను విడుదల చేసింది. ఆడినవాళ్లలో కొందరు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, కొందరు పెదవి విరిచారు. పదేళ్లు దాటినా ఆ రెండు పక్షాలూ రాజీకి రాలేదు. కథలోని మలుపులు చెప్పకుండా ఈ గొడవ గురించి చెప్పడం కుదరదు. ఆడాలనుకునేవాళ్లు ముందు ఆడేసి, తర్వాత ఇది చదవండి.

● కథ 2015లో టొరంటోలో మొదలవుతుంది. కారు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న సైమన్ జారెట్ అనే యువకుడు, చికిత్సలో భాగంగా ఒక ప్రయోగాత్మక స్కాన్‌కు ఒప్పుకుంటాడు. కుర్చీలో కూర్చుంటాడు, కళ్లు మూసుకుంటాడు. తెరిచేసరికి అది 2104. తానున్నది అట్లాంటిక్ అడుగున, పాడుబడిన పాథోస్-2 అనే కేంద్రంలో. అంతకు ముందటి ఏడాదే టెలోస్ అనే తోకచుక్క ఢీకొని నేల మీద మనుషులు తుడిచిపెట్టుకుపోయారు. అసలు సైమన్ ఎప్పుడో చనిపోయాడు. ఇప్పుడు నడుస్తున్నది ఆ పాత స్కాన్ నుంచి, వేరొకరి శవంలో అమర్చిన చిప్‌లో మేలుకున్న నకలు. ఈ సంగతి అతనికి మెల్లగా తెలిసివస్తుంది, మనకూ అంతే.

● ఇందులో ఆటగాడు తీసుకోవాల్సిన నిర్ణయాలు భయంకరమైనవి. మొదట్లోనే కార్ల్ అనే రోబో ఎదురవుతుంది. తాను మనిషినేనని, గాయపడ్డానని, సాయం చేయమని అంటుంది. ముందుకు వెళ్లడానికి కరెంటు కావాలి. దాని కోసం కార్ల్‌ను పూర్తిగా ఆపేయాలా, బాధతో అరుస్తుంటే వదిలేసి పోవాలా? చాలాసేపటి తర్వాత సారా లిండ్‌వాల్ అనే ఆమె కనిపిస్తుంది. ఆటలో మనం కలిసే చివరి బతికున్న మనిషి ఆమే. ప్రాణాలు నిలబెడుతున్న యంత్రాన్ని ఆపేయమని, తుదిశ్వాస దాకా పక్కన ఉండమని అడుగుతుంది. ఆపవచ్చు, ఆపకుండా వెళ్లిపోనూ వచ్చు.

ఈ నిర్ణయాల్లో ఒక్కటి కూడా ముగింపును మార్చదు. పుణ్యం పాయింట్లు లేవు, పాపం మీటరు లేదు, ‘మీరు ఇలా చేశారు కాబట్టి ఇలా జరిగింది’ అని చెప్పేవారు లేరు. ఒక పక్షం కోపమంతా దీని మీదే. ఏం చేసినా ఒకటే అయినప్పుడు అడగడం దేనికి అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయదగినది కాదు, ఎందుకంటే అప్పటికి ‘అంటిల్ డాన్’ లాంటి ఆటలు ప్రతి నిర్ణయానికీ ఒక శాఖ, ప్రతి తప్పుకూ ఒక చావు అని అలవాటు చేశాయి. నా మటుకు నేను రెండో పక్షం. బహుమతి ఉన్నచోట మనం లెక్క వేస్తాం. ఏ దారిలో వెళ్తే ఎక్కువమంది బతుకుతారు, ఏ మాట చెబితే మంచి ముగింపు వస్తుంది అని చూసుకుంటాం. బహుమతీ శిక్షా రెండూ తీసేస్తే మిగిలేది నువ్వు ఏది సరైనదనుకున్నావన్న ప్రశ్న ఒక్కటే. సారా గదిలో నిలబడి స్విచ్ మీద చెయ్యి వేసినవాళ్లకు ఆ బరువు ఎంతో తెలుసు.

● ఈ ఆటలో ఒక ప్రశ్నావళి కూడా ఉంది. కంప్యూటర్‌లో బతకాల్సి వస్తే ఎలా అనిపిస్తుంది, అది చావు కంటే నయమా వంటి ప్రశ్నలు అడుగుతుంది. ఒకసారి దారిలో, మరోసారి అంతా అయిపోయాక. జవాబులకు మార్కులు లేవు. మొదటిసారి ఇచ్చిన జవాబే రెండోసారీ ఇస్తారా అన్నదే అందులోని పరీక్ష.

● ఇందులో విలన్ ఎవరో తేల్చడమే కష్టం. కేంద్రాన్ని నడిపే ‘వౌ’ అనే కృత్రిమ మేధకు ఉన్న పని ఒక్కటే, మనుషులను బతికించడం. బతుకంటే ఏమిటో ఎవరూ దానికి నేర్పలేదు. అందుకే గుండె ఆగిన దేహాలకు గొట్టాలు తగిలిస్తుంది, రోబోల్లోకి మనసులు ఎక్కిస్తుంది. దాన్ని చంపే అవకాశం ఆటగాడికి వస్తుంది. పీడ విరగడైందని చంపేవాళ్లున్నారు. భూమ్మీద మిగిలిన ఏకైక ప్రయత్నాన్ని ఆర్పేయలేమని వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఈ చర్చకు నేటికీ తీర్పు లేదు.

● ఆటగాళ్లు ఎక్కువగా తిట్టుకునేది రాక్షసులను కాదు, సైమన్‌ను! ఇంకా లోతుకు దిగాలంటే గట్టి డైవింగ్ సూట్ కావాలి. అతనికి తోడుగా ఉన్న శాస్త్రవేత్త క్యాథరిన్ చున్ (ఆమె కూడా స్కానే) అతని మనసును కొత్త సూట్‌లోకి కాపీ చేస్తుంది. కళ్లు తెరిస్తే కొత్త సూట్‌లో ఉంటాం. వెనక కుర్చీలోంచి ఇంకా పనిచేయలేదేమిటని అడిగే గొంతు వినిపిస్తుంది. అది పాత సైమన్ గొంతు. అతన్ని అలాగే వదిలేయాలా, బ్యాటరీ ఖాళీ చేసి ముగించాలా అన్నది మరో నిర్ణయం. ఇంత చూశాక కూడా చివర్లో మనుషుల స్కాన్‌లు బతికే కంప్యూటర్ లోకం ‘ఆర్క్’ను అంతరిక్షంలోకి పంపినప్పుడు, అందులోకి తన కాపీ వెళ్లిపోయి తాను ఇక్కడే మిగిలిపోయానని సైమన్ గుండె పగిలేలా అరుస్తాడు. ఇన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదా అని చాలామందికి చిరాకు.

నిజానికి ఇక్కడ మోసపోయింది మనం కూడా. మొదటిసారి కాపీ జరిగినప్పుడు ఆట కెమెరాను కొత్త ఒంట్లోకి తీసుకెళ్లింది. అందుకే ‘మనం’ దాటామనుకున్నాం. రెండోసారి కెమెరాను పాత ఒంట్లోనే ఉంచింది. బొమ్మా బొరుసా అని నాణెం ఎగరేయడం లాంటిదే ఇదంతా అనే ఊరట సైమన్‌కు దొరుకుతుంది గానీ, నాణెమే లేదు. కాపీ తర్వాత ఇద్దరుంటారు, ఇద్దరూ తామే అసలని నమ్ముతారు. ఈ సూత్రాన్ని మాటల్లో వింటే ఒప్పుకుంటాం. మన మీదికి వస్తే ఒప్పుకోలేం. సైమన్ మీద చిరాకుపడేవాళ్లతో నేను ఏకీభవించను. అతను తెలివితక్కువవాడు కాదు, చావు అంచున నిలబడ్డ మనిషి.

● ఈ చిక్కుముడిని తత్వవేత్తలు ముందే వేశారు. ఇంగ్లండ్‌కు చెందిన డెరెక్ పార్ఫిట్ 1984లో తన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ పుస్తకంలో, మనిషి నకలును అంగారకుడి మీద తయారుచేసే యంత్రాన్ని ఊహించాడు. అసలు మనిషి భూమ్మీదే మిగిలిపోతే ఏమిటన్నది అందులో ఒక ప్రశ్న. మన దగ్గర ఇంతకంటే పాత ప్రశ్న ఉంది. భర్త తల ఒకరి మొండేనికి, మరొకరి తల భర్త మొండేనికి అతికిపోతే ఎవరు భర్త అని భేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగాడు. తల ఎవరిదైతే వాడే భర్త అన్నాడు రాజు. ఆ కథనే థామస్ మన్ 1940లో నవలికగా రాశాడు, గిరీష్ కర్నాడ్ ‘హయవదన’ నాటకానికి వాడుకున్నాడు. మన పరకాయ ప్రవేశాల్లో మాత్రం ప్రాణం ఒకటే, ఒళ్లే మారుతుంది. ‘సోమా’లో ప్రాణమే రెండవుతుంది. విక్రమార్కుడి జవాబు అక్కడ సరిపోదు.

● రాక్షసుల విషయంలో మాత్రం ఫిర్యాదు చేసినవాళ్లదే న్యాయం. అదే స్టూడియో 2010లో తీసిన ‘అమ్నీషియా: ద డార్క్ డిసెంట్’ భయపెట్టడంలో పేరు మోసింది. ఆ అభిమానులు ఇందులో భయం చాల్లేదన్నారు. కథ కోసం వచ్చినవాళ్లేమో, ప్రశాంతంగా ఒక డైరీ వినబోతుంటే ఎవడో తరుముకొస్తున్నాడని విసుక్కున్నారు. రాక్షసులు దాడి చేయకుండా ఆపే మోడ్‌ను ఒక అభిమానే తయారుచేసి స్టీమ్ అనే గేమ్‌ల వేదికలోని వర్క్‌షాప్‌లో పెట్టేశాడు. 2017 డిసెంబర్‌లో ఎక్స్‌బాక్స్ వన్‌కు ఆటను తెచ్చినప్పుడు, స్టూడియో వాళ్లే ‘సేఫ్ మోడ్’ చేర్చారు. అందులో రాక్షసులు తిరుగుతూనే ఉంటారు గానీ ప్రాణం తీయరు. ఆటగాళ్ల మాటను ఒక స్టూడియో ఇంత సూటిగా గౌరవించడం నాకు నచ్చింది.

● మెదడును స్కాన్ చేసి మనిషిని కాపీ చేయడం ఎంత దూరపు ఊహో చెప్పే లెక్క ఒకటుంది. పండు ఈగ మెదడులోని సుమారు 1,39,000 నాడీకణాలు ఎలా అల్లుకున్నాయో చూపే పూర్తి పటం 2024 అక్టోబర్‌లో వెలువడింది. మనిషి మెదడులో అవి దాదాపు 8,600 కోట్లు.

● చివరి దృశ్యం మీద కూడా అభిప్రాయాలు వేరు. సముద్రం అడుగున సైమన్ చీకట్లో ఒంటరిగా మిగిలాక పేర్లు పడతాయి. ఆ తర్వాత ఆర్క్‌లో ఎండ, చెట్లు, ఎదురుచూస్తున్న క్యాథరిన్. పేర్ల దగ్గరే ఆపేసి ఉంటే గట్టిగా ఉండేదని కొందరంటారు. రెండూ పక్కపక్కనే చూపించబట్టే అది అంత బాధిస్తుందని నా అభిప్రాయం.

ఇంకా ఆడనివాళ్లు ఇక్కడిదాకా చదివేసినా ఫరవాలేదు, మలుపులు తెలిసినా ఆ నిర్ణయాల బరువు తగ్గదు. సేఫ్ మోడ్‌లో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. సారా గదికి చేరాక ఎవరేం చేశారో నెట్‌లో వెతక్కండి. మీకు సరైనదనిపించింది చేయండి.