పేరు చెప్పేవాడు ఒక్కడైతే చిక్కే!
వెబ్‌సైట్లకు రెండో డీఎన్ఎస్ తప్పనిసరి - ఎంపికలో జాగ్రత్తలు అవసరం

సోమాజిగూడ: ఊళ్లో బస్సు దిగిన కొత్త మనిషి ఫలానా వారి ఇల్లెక్కడని ఎవరినో ఒకరిని అడగాల్సిందే. చెప్పేవాడు లేకుంటే ఇల్లు నాలుగడుగుల దూరంలో ఉన్నా చేరలేడు. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ల సంగతీ ఇంతే. సైటు ఉన్న కంప్యూటరు చక్కగా పనిచేస్తున్నా, దాని చిరునామా చెప్పే సర్వరు మూగబోతే జనానికి సైటు లేనట్టే. పరీక్షా ఫలితాలు చూసుకునే విద్యార్థికి, సర్టిఫికెట్టు కోసం సెంటర్‌లో నిలబడిన రైతుకు కనిపించేది ఒక్కటే - పేజీ తెరుచుకోదు.

జిల్లాల నుంచి వచ్చి సోమాజిగూడ పక్కనే ఉన్న అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్న యువకులు వేలల్లో ఉన్నారు. పని నేర్చాక సొంతంగా దుకాణాలకు, బడులకు, సంఘాలకు సైట్లు చేసి నడిపేవారూ వీరిలో ఉంటారు. ఒక్కొక్కరి చేతిలో పది, ఇరవై పేర్లు ఉంటే, ఒక్క సర్వరు పడిపోయిన రోజున అన్నీ ఒకేసారి మాయమవుతాయి. అందుకే రెండో డీఎన్ఎస్ సర్వరు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం కాదు.

పహాణీ - నకలు

పేర్లను చిరునామాలుగా మార్చే ఈ పద్ధతిని 1983లో అమెరికాకు చెందిన పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. ప్రతి పేరుకూ కనీసం రెండు సర్వర్లు ఉండాలన్నది 1987 నాటి నిబంధనల్లోనే ఉంది. మొదటి సర్వరులో అసలు రికార్డు ఉంటుంది. రెండోది దాని నకలు. ఊళ్లో ఉన్న పహాణీకి తహశీలు కార్యాలయంలో ఒక ప్రతి ఉన్నట్టన్నమాట.

రికార్డుకు ఒక వరస సంఖ్య ఉంటుంది. మార్పు చేసినప్పుడల్లా ఆ సంఖ్య పెంచాలి. రెండో సర్వరు ఎప్పటికప్పుడు మొదటిదాన్ని అడిగి, సంఖ్య పెరిగి ఉంటే కొత్త నకలు తీసుకుంటుంది. సంఖ్య పెంచడం మరిస్తే పాత చిరునామానే చెబుతూ ఉంటుంది. అప్పుడు సగం మంది కొత్త ఇంటికి, సగం మంది పాత ఇంటికి పోతారు. మొదటి సర్వరు చెడిపోతే గడువు ముగిసేదాకా రెండోది జవాబిస్తుంది. ఆ గడువు రెండు నుంచి నాలుగు వారాలు ఉంచడం మేలని 1996లోనే నిపుణులు సూచించారు.

పెద్దలకూ తప్పలేదు

2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ సైట్లు దాదాపు ఒక రోజు పాటు జనానికి అందలేదు. ఆ సంస్థకు నాలుగు డీఎన్ఎస్ సర్వర్లు ఉన్నాయి. కాని నాలుగూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. దారి చూపే రూటర్‌లో చేసిన ఒక్క మార్పు తప్పడంతో నాలుగూ ఒక్కసారే తెగిపోయాయి. 2016 అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థపై దాడి జరిగింది. ఇళ్లలోని కెమెరాలు వంటి పరికరాలను దుండగులు లోబరుచుకుని ఈ దాడికి వాడారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. సర్వర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, విడివిడిగా ఉన్నాయా లేదా అన్నదే లెక్క అని ఈ రెండు సంఘటనలూ రుజువు చేశాయి.

మనకూ అనుభవాలు లేకపోలేదు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి లోతట్టు ప్రాంతాలు మునిగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. ఒకే భవనంలో రెండు సర్వర్లు పెట్టుకున్నవారికి ఇలాంటి రోజున రెండూ ఒక్కటే. ఒకే బావికి రెండు మోటార్లు బిగించినంత మాత్రాన ఎండాకాలంలో నీళ్లు రావు కదా.

ఏం చూడాలి?

రెండో సర్వరును ఎలా ఎంచుకోవాలో చెప్పే పత్రం 1997 జూలైలోనే వెలువడింది. వేరే ఊరు, వేరే నెట్‌వర్క్, వేరే కరెంటు లైను అన్నది అందులోని ముఖ్యమైన మాట. మొదటిది హైదరాబాదులో ఉంటే రెండోది ముంబయిలోనో, విదేశంలోనో ఉండటం మంచిది. వేరే యాజమాన్యం కింద ఉంటే ఇంకా మేలు.

మార్పు జరిగిన వెంటనే కబురు అందుకుని నకలు తీసుకునే సౌకర్యం ఉందా అని సేవ ఇచ్చే సంస్థను అడగాలి. రికార్డుకు డిజిటల్ సంతకం ఉంటే దాన్ని చెడగొట్టకుండా అందిస్తుందా అన్నదీ చూడాలి. ఎన్ని పేర్లకు అనుమతి ఉందో ముందే తెలుసుకోవాలి. డబ్బు తీసుకోకుండా ఈ సేవ ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. అమెరికాలోని హరికేన్ ఎలక్ట్రిక్ అలాంటిదే. అయితే ఉచితమని తొందరపడకుండా, చెడిపోతే అడగడానికి మనిషి దొరుకుతాడా అని చూసుకోవాలి. నకలు తీసుకునే హక్కు ఆ రెండో సర్వరుకు మాత్రమే ఇవ్వాలి. అందరికీ ఇస్తే ఇంటి తాళాల గుత్తి అరుగు మీద పెట్టినట్టే.

రెండో సర్వరు ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. అది దారి చెబుతుందే తప్ప, సైటు ఉన్న కంప్యూటరే కాలిపోతే దాన్ని నిలబెట్టలేదు. దానికి వేరే ఏర్పాటు కావాలి. పేరు రిజిస్టరు చేసిన చోట రెండో సర్వరు పేరు ఎక్కించకపోయినా లాభం లేదు. ఉన్నా ఎవరూ దాన్ని అడగరు.

సైటు చేయించుకునే బడి పెద్దలు, సంఘాల వారు డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న వేయాలి: "రెండో డీఎన్ఎస్ ఎక్కడుంది?" అదే భవనం, అదే నెట్‌వర్క్ అని జవాబు వస్తే ఒప్పుకోరాదు. సైటు నడిపేవారు కూడా నెలకోసారి రెండు సర్వర్లనూ విడివిడిగా అడిగి వరస సంఖ్యలు సరిపోయాయో లేదో చూసుకోవాలి. ఇది అయిదు నిమిషాల పని. చేయకపోతే నష్టపోయేది ఫలితాల కోసం, సర్టిఫికెట్ల కోసం మండల కేంద్రానికి చార్జీలు పెట్టుకుని వచ్చే పల్లె జనమే.