విశాఖ తీరంలో సెంచూరియన్

విశాఖపట్నం వెళ్లిన మనలో చాలామంది బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామిని ఎక్కి చూసే ఉంటారు. అదే విశాఖ సముద్రంలో 1804 సెప్టెంబరు 15న చెక్క ఓడల మధ్య ఫిరంగుల యుద్ధం జరిగింది. బొబ్బిలి యుద్ధం, చందుర్తి యుద్ధం అందరికీ తెలుసు. దీని సంగతి తెలిసినవారు తక్కువ. అందుకే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆ యుద్ధంలో నిలబడ్డ ఓడ పేరు సెంచూరియన్. 1774లో ఇంగ్లండులోని హార్విచ్‌లో దాన్ని నీటిలోకి దింపారు. రెండు అంతస్తుల్లో 50 ఫిరంగులు. ఇంజను లేదు, తెరచాపలకు గాలి తగిలితేనే కదలాలి. మన తీరానికి వచ్చేసరికి దాని వయసు 30 ఏళ్లు. ఉప్పునీటిలో నానే చెక్కకు అది తక్కువ వయసేమీ కాదు.

అప్పుడు విశాఖకు హార్బరు లేదు. అది 1933లో గాని ప్రారంభం కాలేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుంటే, చిన్న పడవలు అలలను దాటి సరుకు చేరవేసేవి. ఆ రోజు బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తకపు ఓడలు అక్కడున్నాయి. వాటికి కాపలాగా మద్రాసుకు వెళ్లడం సెంచూరియన్ పని. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. ఓడలో లెఫ్టినెంట్ ఫిలిప్స్‌దే బాధ్యత.

ఉదయం ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు ఓడలతో వచ్చాడు. మరెంగోలో 74, అతలాంత్‌లో 40, సెమియాంత్‌లో 36, అంటే 150 ఫిరంగులు. (మరెంగో మొదటి పేరు జాన్ జాక్ రూసో! తర్వాత నెపోలియన్ గెలిచిన యుద్ధం పేరు పెట్టారు.) బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి అలల్లో పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం ఒడ్డుకు దగ్గరగా జరిగి కాల్పులు ఆపలేదు. ఒడ్డునున్న ఫిరంగులూ సాయపడ్డాయి. పెద్దదైన మరెంగోకు అక్కడ నీటిలోతు చాలదు. బలం మూడింతలున్నా దగ్గరికి రాలేక, దొరికిన ఓడను తీసుకుని లినువా వెళ్లిపోయాడు. సెంచూరియన్‌ను కాపాడింది ధైర్యం ఎంతో, మన తీరంలోని లోతులేని నీరూ అంతే అని మా అభిప్రాయం.

అయితే గెలిచినవాడూ, వెళ్లిపోయినవాడూ మనవాళ్లు కారు. ఇద్దరి పోటీ ఈ దేశపు వర్తకం కోసమే. ఒడ్డున నిలబడి చూసిన జాలరుల మాట ఎవరూ రాయలేదు.

మరెంగో 1806లో ఇంగ్లీషువారికి చిక్కింది. సెంచూరియన్ చివరిరోజుల్లో కెనడాలోని హాలిఫాక్స్‌లో ఆసుపత్రి ఓడగా ఉండి, 1824లో కట్టేసిన చోటే మునిగిపోయింది. మరుసటి ఏడాది పైకి తీసి విరగ్గొట్టారు.